అలుపు చల్లిన పొత్తులు

పని దిగే వేళకి ఆస్పత్రి లాండ్రీలో అందరూ వెనక వసారాలోకి వెళ్లి ఒళ్లు దులుపుకునేవారు. పొద్దుటి నుంచి దుప్పట్లు ఇస్త్రీ చేసిన భుజాల మీంచి, మోచేతుల మీంచి అలుపు సన్నటి పొడిలా రాలేది. ఉతికేవాళ్ల అలుపు కాస్త తడిగా, ఉండలు కట్టి ఉండేది. ఇస్త్రీవాళ్లది లేత బూడిద రంగులో, వేడి గంజి వాసనతో ఉండేది. మూలనున్న చీపురుతో ఎవరిది వాళ్లు ఊడ్చి డబ్బాలో పోసి, చెప్పులు తొడుక్కుని ఇళ్లకి పోయేవారు. డబ్బా నిండితే చెత్తబండివాడు పట్టుకుపోయేవాడు.

చాలామంది అక్కడ పైపైన దులుపుకుని, మిగతాది ఇంటి గుమ్మం ముందు పట్టా మీద దులుపుకునేవారు. పిట్ట వాళ్లమ్మ మాత్రం జడ విప్పి దులిపి, చున్నీ విదిలించి, చెప్పులు ఒకదానికొకటి కొట్టి, చెవుల వెనక తడిగుడ్డతో తుడుచుకుంటే గానీ కదిలేది కాదు.

"ఏంటమ్మా, పెళ్లికి తయారవుతున్నావా?" అనేది పక్క బల్ల ఆవిడ.

"ఇంట్లో పిల్ల ఉంది కదక్కా."

"మా ఇంట్లో ఉన్నవేంటి మరి, మేకపిల్లలా?"

పిట్ట వాళ్లమ్మ నవ్వి చెప్పులు తొడుక్కునేది. పిట్ట పుట్టినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆమె అలుపు రవ్వంత కూడా రాలలేదు. పిల్ల తిరిగే చోట అది ఉండకూడదని ఆమె పట్టుదల. పిట్ట వాళ్ల నాన్న రాత్రంతా బేకరీ వ్యాను నడిపి వచ్చి గుమ్మం దగ్గర దులుపుకుంటే, ఆయన ఇంకా మంచం ఎక్కకముందే ఈవిడ చీపురు పట్టుకునేది. అందుకే పిట్ట బళ్లో గొప్పలు పోయేది. "మా అమ్మకి అసలు అలుపే రాదు, తెలుసా!" ఆ మాట చెవిన పడ్డ రోజున పిట్ట వాళ్లమ్మకి కాళ్ల నొప్పి కాసేపు తగ్గినట్టనిపించింది.

పిట్టకి అసలు పేరు ఒకటుండేది గానీ బడి రిజిస్టరులో తప్ప ఎక్కడా వాడేవారు కాదు. పిట్టలా తింటుందని ఈ పేరు. మాటలకి మాత్రం కరువు లేదు, పిట్ట కొంచెం కూత ఘనం. అన్నం దగ్గరికి వచ్చేసరికి ఆ నోరే గడియ పెట్టిన తలుపు. తల్లి కంచం పట్టుకుని హాల్లోంచి గదిలోకి, గదిలోంచి వరండాలోకి వెనకాలే తిరిగేది. రెండు ముద్దలు లోపలికి వెళ్తే ఆ పూట గెలిచినట్టే. తర్వాత వంటగదిలో పొయ్యి పక్కన నిలబడి, గిన్నెలో అడుగూ బొడుగూ తను తినేది. ఆమె కూర్చుని తినడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. చూడలేదని కూడా ఎవరికీ తట్టలేదు.

పిల్లల క్లినిక్కులో బరువు చూసే రోజు, నర్సు ముందుగా కాటా పళ్లెం గుడ్డతో తుడిచింది. తుడవకపోతే వచ్చిపోయే తల్లుల అలుపంతా పిల్లల లెక్కలో పడుతుంది. పిట్ట ఎక్కి నిలబడింది. ముల్లు పోయినసారి ఎక్కడుందో అక్కడే ఆగింది. అంతకు ముందుసారీ అక్కడే.

"వానలు వెళ్లాక మళ్లీ తీసుకురండమ్మా," అంది నర్సు. "అప్పటికీ ముల్లు కదలకపోతే వార్డులో పెట్టుకుంటాం. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పడతాం. కంగారేం లేదు, చాలామందికి వేస్తాం."

ఆ వార్డు సంగతి పిట్ట వాళ్లమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ దుప్పట్లు ఆమె బల్ల మీదికే వస్తాయి. చిన్న చిన్న దుప్పట్లు, అంచున బాతు బొమ్మలు. ఆ రోజు నుంచి బాతు దుప్పటి చేతికొచ్చినప్పుడల్లా ఆమె దాన్ని రెండుసార్లు ఇస్త్రీ చేసేది.

పిట్ట అడిగి మరీ తినేది ఒక్కటే, స్వీట్ కార్న్. కిందటేడు బజార్లో కొన్నది తింటే పెదాల చుట్టూ ఎర్రగా పొక్కింది. మందులు బాగా కొట్టిన పంటేమో, మానెయ్యండి, లేదంటే ఇంట్లో వేసుకోండి అంది నర్సు. అది ఆవిడ ఏదో మాటవరసకి అన్న మాట. పిట్ట వాళ్లమ్మ దాన్ని పట్టుకుని పెరడంతా తవ్వేసింది. అంతా ఒకేసారి కోతకి రాకుండా కొన్ని కొన్ని రోజుల ఎడంతో వరసలు వరసలుగా గింజలు నాటింది. చుట్టూ బంతి, మధ్యలో కొత్తిమీర.

మొలకలు వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టే, రాత్రి మట్టిపురుగు కొరికేస్తే, పొద్దున్నకల్లా మొదలు తెగి పడున్నాయి. ఆమె కాగితపు కప్పులకి అడుగు కత్తిరించి ఒక్కో మొలక చుట్టూ మట్టిలోకి గుచ్చింది. గోడ అవతల నిచ్చెనెక్కి కిటికీకి రంగేసుకుంటున్న పక్కింటి పెయింటరు తొంగి చూశాడు.

"ఏంటొదినా, మొక్కలకి చొక్కా కాలర్లు కుట్టావా?"

"నీకూ ఒకటి కుట్టనా? మెడ మీద రంగు కారుతోంది చూసుకో."

కాలర్లు పనిచేశాయి. తర్వాత ఆకుల కింద పేనుబంక పట్టింది. సబ్బునీళ్లు కొట్టింది. కొత్తిమీర పూతకి వదిలేస్తే ఎర్రటి చుక్కల అక్షింతల పురుగులు వచ్చి తతిమ్మా పేనుబంకని తినిపెట్టాయి. హమ్మయ్య అనుకునే లోపు కత్తెర పురుగు దిగింది. మొక్క నడినెత్తిన ఆకులు విచ్చుకునే సుడి ఉంటుందే, సరిగ్గా అందులో దూరి కూర్చుని, లేతాకు గీకి తిని, రంపపు పొట్టు లాంటి పెంట పోసేది. వేపనూనె కలిపి కొట్టింది. వెల్లుల్లి, మిరపకాయలు నూరి వడగట్టి కొట్టింది. పురుగులు ఏమయ్యాయో గానీ ఆమెకి మాత్రం పూటంతా తుమ్ములు. తెల్లారగట్ల లేచి, కనుబొమల చిమటా పట్టుకుని ఒక్కో సుడిలోంచి ఒక్కో పురుగునీ ఏరింది. ఏరి ఇటు తిరిగితే అటు ఇంకోటి. అదే చేత్తో అన్నం డబ్బా కట్టి, పిట్టకి జడ వేసి, లాండ్రీకి పరిగెత్తేది.

"మా బావమరిది దగ్గర ఓ డబ్బా మందుంది," అన్నాడు పెయింటరు జాలిపడి. "ఒక్క పిచికారీ చాలు. పురుగే కాదు, దాని తాతలు కూడా లేవరు."

"పురుగు లేవకపోతే పోయింది, నా పిల్ల లేవాలి కదయ్యా."

వానలు ముదిరాయి. ఒకరోజు లాండ్రీకి మామూలుకి రెట్టింపు బట్టలొచ్చాయి, అందులో సగం బాతు దుప్పట్లే. పని దిగేసరికి వెనక వసారాలో మోకాలి లోతు నీళ్లు. దులుపుకోవడానికి చోటు లేదు. మిగతావాళ్లు ఇళ్ల దగ్గరే దులుపుకోవచ్చులే అని వెళ్లిపోయారు. పిట్ట వాళ్లమ్మ ఒంటి మీద అలుపంతా మోసుకుంటూ వచ్చి, గుమ్మం ఎక్కకుండా సందులోంచి పెరట్లోకి వెళ్లింది. అప్పటికి వాన వెలిసింది. అలవాటు కొద్దీ మొదటి మొక్క సుడిలోకి వంగి చూసింది. పురుగు తలెత్తి ఆమెనే చూస్తున్నట్టుంది.

"నువ్వూ పోలేదన్నమాట," అంది. గోరుచుట్టు మీద రోకలిపోటు అనుకుని అక్కడే నిలబడి చున్నీ తీసి విదిలించింది, జడ విప్పి దులిపింది. అలుపు మెల్లగా దిగి సుడుల్లో పేరుకుంది.

పొద్దున్న చిమటాతో వెళ్లేసరికి పురుగులు నిద్రపోతున్నాయి. ఆకు మడతలో చుట్ట చుట్టుకుని ఆదమరిచి పడున్నాయి. చిమటాతో పొడిస్తే ఒకటి అటు ఒత్తిగిల్లి మళ్లీ పడుకుంది. కాస్త ఎండ రాగానే పిచ్చుకలు దిగి తీరిగ్గా, పొయ్యి మీద ఏమీ లేనివాళ్లలా, ఏరుకుని తినడం మొదలెట్టాయి.

పిట్ట వచ్చి చూసింది. "అమ్మా, వీటికి ఇవాళ బడి లేదా?"

అప్పుడే వ్యాను దిగి వచ్చిన వాళ్ల నాన్న గుమ్మానికి ఆనుకుని టీ తాగుతూ చూశాడు. "నేనూ రోజూ ఇలాగే పడిపోతాను. నన్నే పిచ్చుకా ఎత్తుకుపోదేం?"

"నిన్నెత్తాలంటే గద్దలు రావాలి. పోయి పడుకో," అంది పిట్ట వాళ్లమ్మ. చాలా రోజుల తర్వాత ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ రోజు నుంచి ఆమె వసారాలో రాలిన అలుపుని డబ్బాలో పోయడం మానేసింది. మూతకి చిల్లులున్న పాత పౌడరు డబ్బా ఒకటి తెచ్చుకుని అందులోకి ఎత్తుకునేది.

"ఇన్నాళ్లూ గోరంత కూడా ఇంటికి తీసుకెళ్లనన్నావు," అంది పక్క బల్ల ఆవిడ.

"ఇంట్లోకి కాదక్కా, పెరట్లోకి."

"పెరడు ఇల్లు కాదా ఏంటి?"

ఆమె పౌడరు డబ్బా మూత బిగించింది. సాయంత్రం సుడి సుడికీ అలుపు చల్లేది. మొక్కలు ఆమెని మించి పెరిగాయి. నెత్తిన జల్లు విరిసి పుప్పొడి రాల్చింది. పొత్తులు కట్టి పట్టులాంటి పీచు వేలాడేసుకున్నాయి. ఆ పీచు మీదే తల్లి రెక్కల పురుగు గుడ్లు పెడుతుంది, ఆ పీచు వెంటే పురుగు లోపలికి దూరుతుంది. అందుకని పీచు కొస మీద ఒక చుక్క నూనె, దాని మీద చిటికెడు అలుపు. ఏ పొత్తునీ వదల్లేదు. లాండ్రీలో పని ఎక్కువైన రోజున డబ్బా నిండేది. అలాంటి రోజున ఆమెకి లోలోపల సంతోషంగా కూడా ఉండేది.

పీచు ఎండి గోధుమరంగుకి తిరిగాక ఒక గింజని గోటితో నొక్కింది. పాలు చిమ్మాయి. మొదటి వరస కోసి, వంటింటి గట్టు మీద పెట్టుకుని ఒకటి వలిచింది. ఎక్కడా పురుగు జాడ లేదు. కొస దాకా గింజ నిండుగా కట్టింది. పిట్ట పక్కన నిలబడి గుటకలు మింగుతోంది.

అప్పుడు కనిపించింది. వరసకీ వరసకీ మధ్య, సూది మొనతో గీసినంత సన్నంగా, లేత బూడిద రంగు గీత.

కడిగింది. ఉప్పునీళ్లలో నానబెట్టి మళ్లీ కడిగింది. పోలేదు. గింజ గిల్లి చూస్తే లోపల కూడా పాలలో పలచగా కలిసి ఉంది. అప్పుడర్థమైంది ఆమెకి. ఒక్కో పీచు ఒక్కో గింజకి దారి. పురుగుకి దారి మూస్తున్నాననుకుంటూ, ఆ దారినే ఇన్నాళ్లూ తన అలుపుని గింజ గింజకీ పంపించింది. బజారు మందు వద్దని పంతం పట్టి చివరికి తనే మందైంది.

"ఇప్పుడు కాదు," అంది పిట్టతో. పొత్తులన్నీ బుట్టలో వేసి గోడ పక్కకి తీసుకెళ్లి, "ఇవి పట్టుకుపో," అంది పెయింటరుతో.

అతను ఒకటి ఎత్తి గీతలు చూశాడు, వాసన చూశాడు. "గంజి వాసన. ఇంతేనా? మా అమ్మ వండినదాంట్లో అలుపు లేని రోజు నేనెరగనొదినా. ఇదిగో, తిని దున్నపోతులా లేనూ?"

"అందుకే కాబోలు బారెడు పొద్దెక్కితే గానీ నీకు మెలకువ రాదు."

"నిజమే," అన్నాడు అతను నొచ్చుకోకుండా. బుట్ట మాత్రం తీసుకోలేదు. "అదీ కాక, ఇది పిల్ల నోటి ముందుది. నాకొద్దు."

బుట్టతో వెనక్కి వచ్చింది. ముందు తను తిని చూద్దామనుకుంది. మూడు పొత్తులు ఉడకబెట్టి, ఒకటి పొయ్యి పక్కన నిలబడే తినేసింది. తియ్యగా ఉంది. ఒంట్లో ఏ తేడా తెలియలేదు. ఎలా తెలుస్తుంది? సముద్రంలో ఉప్పు వేసినట్టే కదా. ఇంకా కాసేపు చూడాలి, రేపటి దాకా చూడాలి అనుకుంటూ ఉండగానే చినుకులు మొదలయ్యాయి. తీగ మీద పిట్ట బడి బట్టలు గుర్తొచ్చి పరిగెత్తింది.

బట్టలు చంకన పెట్టుకుని వచ్చేసరికి పిట్ట వంటింట్లో నేల మీద, గోడకి చేరబడి కూర్చుని ఉంది. చేతిలో పొత్తు. అప్పటికే సగం గింజలు లేవు.

"ఉమ్మెయ్!"

పిట్ట మెల్లగా నమిలి మింగింది. తర్వాత తన కాళ్ల వైపు, ఎవరివో అన్నట్టు చూసుకుంది. "అమ్మా, పిక్కలు లాగుతున్నాయి."

బట్టలన్నీ కింద పడ్డాయి. ఆమె పిల్ల నుదురు పట్టి చూసింది, పెదాలు చూసింది. ఎక్కడా ఎరుపు లేదు.

"ఈ చెయ్యి కూడా," అంది పిట్ట, కుడిచెయ్యి ముందుకి చాపి. "వేడిగా ఉంది. బరువుది ఏదో తోస్తున్నట్టుంది, ముందుకీ వెనక్కీ. నడుము దగ్గర ఇంకోటుంది." తల్లి వైపు చూసింది. "ఇది నీదా?"

పిట్ట వాళ్లమ్మ ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"రోజూ ఇలాగే ఉంటుందా నీకు?"

"రోజూ ఏం కాదులే. ఆదివారం కొంచెం తక్కువ."

"మరి కూర్చోవేం?"

జాలిగా అడగలేదు పిట్ట. వాన వస్తుంటే గొడుగు వేసుకోవేం అన్నట్టు అడిగింది. తల్లి పొయ్యి వైపు చూసింది, తొట్టిలో గిన్నెల వైపు చూసింది, నేల మీద బట్టల వైపు చూసింది.

"కూర్చోమ్మా. సగమే తిన్నాను, ఆ సగం నీదే. బళ్లో టీచరు చెప్పింది, ఒకే కంచంలో ఇద్దరు కలిసి తింటే దాన్ని పొత్తు అంటారట. ఒక్కళ్లు తింటే పొత్తెలా అవుతుంది?"

పిట్ట వాళ్లమ్మ కూర్చుంది. మోకాళ్లు రెండూ చప్పుడు చేశాయి. గోడ చల్లగా వీపుకి తగిలింది. ఇన్నేళ్లు ఆ వంటింట్లో నిలబడి తిరిగిందే గానీ, నేల మీంచి చూస్తే గట్టు కింది చెక్కకి పెచ్చులూడిందని ఆమెకి ఇప్పటి దాకా తెలియదు. పిట్ట పొత్తు మధ్యలోకి పట్టుకుంది. ఒక వరస తల్లి, ఒక వరస కూతురు. ఒక గింజ ఎక్కువ తింటే దొంగాట అని పిట్ట గొడవ పెట్టింది.

"గిన్నెలో ఇంకోటి ఉంది కదా," అంది అయిపోయాక.

తల్లి లేవబోయింది.

"నువ్వు లేవకు. చల్లారిపోయిందిలే, నేనే తెస్తా."

పెద్ద ముసలమ్మలా నడుం పట్టుకుని లేచి, తెచ్చి, మళ్లీ చేరబడింది. రెండోదీ అయిపోయింది. పిట్ట తల మెల్లగా తల్లి భుజం మీదికి ఒరిగింది. అప్పుడు, ఆ ఇంట్లో మొట్టమొదటిసారి, పిట్ట వాళ్లమ్మ ఒంటి మీంచి అలుపు దానంతటదే రాలడం మొదలెట్టింది. భుజాల మీంచి జారి, ఒళ్లోకి, నేల మీదికి. చీపురు చేతికందే దూరంలోనే ఉంది. ఆమె అందుకోలేదు.

డ్యూటీకి తయారై వచ్చిన వాళ్ల నాన్న గుమ్మంలో ఆగిపోయాడు. ఇద్దరూ గోడకి చేరబడి నిద్రపోతున్నారు. కింద పడ్డ బట్టలు మడతపెట్టి, చీపురు తీసుకుని, వాళ్లకి తగలకుండా చుట్టూ ఊడ్చి, వ్యాను తాళాలు చప్పుడు కాకుండా పట్టుకుని వెళ్లిపోయాడు.

దాంతో ఆమె దిగులు తీరిపోయిందని కాదు. రోజూ పిల్ల కనురెప్పలు ఎత్తి చూసేది. నిద్రలో ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేది. తను చేస్తున్నది సరైనదో కాదో ఇస్త్రీ బల్ల దగ్గర వందసార్లు అనుకునేది. కానీ సాయంత్రమయ్యేసరికి పిట్ట వంటింటి నేల మీద చోటు చేసుకుని, పక్కన అరచేత్తో తట్టి పిలిచేది. వరస తర్వాత వరస కోతకొచ్చింది. మొదట పొత్తులు, తర్వాత పొత్తులతో పాటు రెండు ముద్దల అన్నం, ఆ తర్వాత అన్నం ముందు, పొత్తు వెనక. కంచం ఒక్కటే. తిన్నాక పిట్టకి కాళ్లు లాగేవి, నిద్రపోయేది, పొద్దున్నే ఆకలని లేచేది.

వానలు వెళ్లాయి. క్లినిక్కులో ఎప్పటిలాగే వరస చాంతాడంత ఉంది. తోపుడు బండి మీద మడతపెట్టిన బాతు దుప్పట్లు వార్డులోకి వెళ్తుంటే పిట్ట వాళ్లమ్మ అటు చూడకుండా పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది. వాళ్ల వంతు వచ్చింది. నర్సు పళ్లెం తుడిచింది. పిట్ట ఎక్కింది.

"ఆగు తల్లీ, భుజం మీద ఏదో ఉంది." నర్సు గుడ్డతో దులిపింది. చిటికెడు, లేత బూడిద రంగు పొడి. "ఇంత పిల్లకి అలుపేంటమ్మా?"

పిట్ట వాళ్లమ్మ పిల్లకి అడ్డంగా ఒక అడుగు ముందుకి వేసింది.

"అది నాది కాదు, మా అమ్మది," అంది పిట్ట, సంచీ మోసిపెట్టినంత మామూలుగా.

నర్సు పిల్లని దింపి, పళ్లెం మళ్లీ తుడిచి, ముల్లు సున్నా దగ్గరికి తెచ్చి, మళ్లీ ఎక్కమంది. ముల్లు వణుకుతూ కదిలింది. పాత చోటుకి వచ్చింది. దాటింది. ఇంకొంచెం వెళ్లి, ఊగి, అక్కడ నిలబడింది.

నర్సు వంగి చూసి నవ్వింది. "వార్డు గొడవ లేదింక. ఏం పెట్టారమ్మా ఇన్నాళ్లూ?"

వేపనూనె, వెల్లుల్లి, కాగితపు కప్పులు, పౌడరు డబ్బా, అన్నీ ఒక్కసారి నోటి దాకా వచ్చాయి. అంతా చెప్పడానికి ఓపిక లేకపోయింది.

"కూర్చున్నానండి," అంది పిట్ట వాళ్లమ్మ.

నర్సు అప్పటికే కార్డు మీదికి వంగింది, సగమే విన్నట్టుంది. "ఆఁ, కూర్చోండి కూర్చోండి, రాసిస్తాను," అని పక్కనున్న స్టూలు కాలితో ఇటు జరిపింది.

పిట్ట కాటా దిగి వచ్చి, స్టూలు మీద ఉన్న పొడి అరచేత్తో దులిపింది. పిట్ట వాళ్లమ్మ కూర్చుంది.